ఎవరింటి బోనం

శామీర్‌పేట,
28 డిసెంబరు 1944

ప్రభువునందు ప్రియమైన అక్కకు,

నీ తమ్ముడు జక్కయ్య వందనాలు చేసి రాసేది. ఇక్కడ నేను, సాలమ్మ, పిల్లవాడు సాలోమోను క్షేమం. మేడ్చల్‌లో నీ ఆరోగ్యం, నీ పని బాగున్నాయని తలుస్తాను. జాఫర్ రేపు పల్లికాయ బస్తాలతో మీ స్టేషనుకు బండి కడుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. తపాలా కంటే అతని ఎద్దులే నయం.

క్రిస్మసు బాగా జరిగింది. ఆడవాళ్లంతా కలిసి మందిరం గోడలకు సున్నం వేశారు. మన సాలోమోను వాక్యం అప్పజెబుతుంటే ముసలివాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని విన్నారు. వండేముందు ఇంటింటా పిడికెడు తీసి దాచే జొన్నలు ఈసారి కుండ నిండా వచ్చాయి. సర్కారు లెవీ కింద గింజలు పట్టుకుపోయిన ఈ ఏడాది కూడా ఇంత ఇచ్చారంటే గొప్పే. నాలాంటి ఉపదేశి ఇల్లు నడిచేది ఆ జొన్నలతోనే కదా.

అసలు సంగతి ఇప్పుడు రాస్తాను, కూర్చుని చదువు. ఆరాధన అయ్యాక మిషను అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు. వచ్చే జూలైలో నన్ను పాస్టరు చదువుకు పంపాలనుకుంటున్నారట. ఈస్టరుకు సిఫారసు రాస్తామన్నారు. "పదకొండేళ్లుగా ఉపదేశం చేస్తున్నావు, నీ మీద ఒక్క మాట రాలేదు" అన్నారు. అమ్మ పోయాక నువ్వు మిషను బంగళాలో విసుర్రాయి తిప్పి నన్ను చదివించావు. ఇది నీ కష్టానికి ఫలం.

ఒక్కటే అసంతృప్తి మిగిలింది. వాడ చివర ఉండే కృపమ్మ నీకు గుర్తుండే ఉంటుంది. పొలం పనులకు పోయే ముసలామె, నా అనేవాళ్లు లేరు. పోయిన ఏడాది ఎండాకాలం మశూచి వచ్చినప్పుడు పోచమ్మకు బోనం మోసిందని ఆమెను ప్రభు భోజనం నుంచి నిలిపేశారు కదా. అప్పటి నుంచి లోపలికి రాదు, అలాగని రావడం మానదు. ప్రతి ఆదివారం బయట కిటికీ కింద కూర్చుని వింటుంది. పండుగ కదా అని అయ్యగారు కనికరించి, తప్పయిందని అందరి ముందు ఒక్క మాట చెబితే ఆ రోజే చేర్చుకుంటామన్నారు. ఆమె గుమ్మంలో నిలబడి, "మోసిన్నంటే నిజమే అయ్యా. తప్పయిందంటే అబద్ధం. పండుగపూట గుడిల అబద్ధమాడుమంటవా?" అంది. మళ్లీ పోయి కిటికీ కింద కూర్చుంది. మొండి మనిషి. అంత మంచి అవకాశాన్ని చేతులారా పోగొట్టుకుంది. ఎవరేం చేయగలరు?

నీ తమ్ముడు,
జక్కయ్య


మేడ్చల్,
7 జనవరి 1945

తమ్మీ జక్కయ్యకు అక్క ఎలీషమ్మ దీవించి రాసేది.

కూర్చుని చదవమన్నావు గానీ జాఫర్ ఉత్తరం ఇచ్చిన చోటే, స్టేషను ముందు నిలబడి చదివాను. పక్కన పండ్లమ్మే హజీరా "ఏమైంది, ఎందుకు ఏడుస్తున్నవ్?" అని కంగారు పడింది. నా తమ్ముడు పాస్టరు అవుతున్నాడని చెప్పాను. అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. అయినా ఒక జామకాయ ఊరికే ఇచ్చింది.

నువ్వు పాస్టరయ్యాక నీ తెల్ల అంగీ నేనే కుట్టిస్తాను. మెడ దగ్గర ఇప్పటి నుంచే కొంచెం ఒళ్లు చేయి, లేకపోతే కొయ్యకు తగిలించినట్టు ఉంటుంది. మరదలికి చెప్పు, నీకు పాలు పోయమని. నేను మాత్రం వాక్యం చెబుతూ ఇంటింటికీ తిరిగే ఈ బైబిలమ్మ పనిని ఇంకో నాలుగేళ్లు చేసి, తర్వాత వచ్చి మీ బంగళాలో పెద్దమ్మలా కూర్చుంటాను.

ఒక్క మాట అడుగుతాను. కృపమ్మకు పిల్లలు లేరు, మనవలు లేరు. ఆ ఎండాకాలం ఆమెకు జ్వరం కూడా రాలేదని అప్పట్లో నువ్వే రాశావు. మరి బోనం ఎవరి కోసం మోసింది? ఎవరూ అడగలేదా? చాలాకాలంగా నాకు అది మనసులో తిరుగుతూ ఉంది. ఊరికే అడుగుతున్నాను.

అక్క


శామీర్‌పేట,
21 జనవరి 1945

ప్రియమైన అక్కకు వందనాలు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ చలి బాగా ఉంది. చెరువు కింద వరి నాట్లు మొదలయ్యాయి. సాలోమోను లెక్కల్లో వెనకపడ్డాడు, రోజూ సాయంత్రం నేనే కూర్చోబెట్టి చెబుతున్నాను. అల్వాల్‌లో ఉపదేశుల కూటానికి పోయి వచ్చాను. అక్కడ అందరికీ నా చదువు సంగతి తెలిసిపోయింది, భుజం తట్టారు. కృపమ్మ సంగతి అయిపోయిన విషయం, దాన్ని వదిలెయ్.

రాయకూడదనుకున్నది ఒకటి రాస్తున్నాను. ప్రభు భోజన సంస్కారం నుంచి నిలిపినవాళ్ల దగ్గర కానుక తీసుకోకూడదని కట్టడి. మొన్న శనివారం నేను పెరట్లోకి వెళ్లేసరికి కృపమ్మ వెనక వాకిట్లో కొంగు విప్పి సాలమ్మ చేటలో జొన్నలు పోస్తోంది. నన్ను చూసి కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. ఇదేమిటని సాలమ్మను గద్దించాను. సాలమ్మ జొన్నలు చెరుగుతూనే, "ఏడాదిన్నర సంది తింటనే ఉన్నవ్. ఇయ్యాల్నే గొంతుల వడ్డదా?" అంది.

వారం వారం తెస్తోందట. వండుకునే ప్రతిసారీ పిడికెడు తీసి దాస్తోందట, అందరిలాగే. నేను కూర్చోబెట్టిన చోట కూర్చుని, నాకు తిండి పెడుతోంది. ఆ పూట రొట్టె నోట్లో పెట్టుకోలేకపోయాను. తర్వాతి పూట తిన్నాను. ఆకలి ఆగదు కదా.

ఎందుకంత బాధపడ్డానో రాయలేను. నా కోసం ప్రార్థన చేయి.

జక్కయ్య


మేడ్చల్,
28 జనవరి 1945

తమ్మీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వరి నాట్లు రాశావు, లెక్కలు రాశావు, అల్వాల్ కూటం రాశావు. నేను అడిగింది మాత్రం రాయలేదు.

ఆ ఎండాకాలం మన వాడలో మశూచి వచ్చిన ఇల్లు ఒక్కటే. సాలోమోను ముఖం మీద మచ్చలు నా చేత్తో తడిమి చూశాను నేను.

ఎవరింటి బోనం? ఒక్క ముక్క రాయి.

అక్క


శామీర్‌పేట,
11 ఫిబ్రవరి 1945

అక్కా,

మా ఇంటి బోనమే.

ఇది రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇక మిగతాది కూడా రాసేస్తాను.

పిల్లవాడికి ఒళ్లంతా పొక్కులు. వేపాకుల మీద పడుకోబెట్టాం. తొమ్మిదో రోజుకు నీళ్లు కూడా మింగడం మానేశాడు. నేను ప్రార్థన చేశాను, సంఘమంతా చేసింది. సాలమ్మ పుట్టింటివాళ్లు ఇంకా పోచమ్మకు చేసేవాళ్లేనని నీకు తెలుసు. ఆమె నా కాళ్లు పట్టుకుని, "ఒక్కపారి బోనమిస్త. బిడ్డ కన్న ఎక్కువనా నీకు?" అంది. నేను సరే అనలేదు, వద్దనీ అనలేదు. "నేను బౌరంపేట ప్రార్థనకు పోతున్న. నేనొచ్చెటాలకు ఇంట్ల ఏం జరిగిందో నాకు తెల్వొద్దు" అన్నాను. ఈ నోటితోనే అన్నానక్కా. నాకు తెలియకపోతే నాకు అంటదనుకున్నాను.

ఉపదేశి భార్య బోనమెత్తుకుని నడిస్తే ఊరంతా చూస్తుంది. కృపమ్మ పూటపూటకూ పిల్లవాడికి గంజి తెచ్చేది, వాడి పక్కన కూర్చుని ఈగలు తోలేది. సాలమ్మ ఏడుపు చూడలేక ఆమే తల మీద పెట్టుకుంది. పొద్దు పొడవకముందే పోయి వచ్చింది.

పదకొండో రోజు పిల్లవాడు కళ్లు తెరిచాడు. ఎవరి దయతో తెరిచాడో నాకు ఒక నమ్మకం, సాలమ్మకు ఒక నమ్మకం. ఆ మాట మేమిద్దరం ఇంతవరకు ఎత్తుకోలేదు.

మన వాడ నుంచి బోనం పోయిందని ఎలాగో అయ్యగారి చెవిన పడింది. ఆగస్టులో వచ్చి సంఘాన్ని కూర్చోబెట్టి, మోసింది ఎవరని అడిగారు. కృపమ్మ లేచింది. ఆ బోనం ఎవరిదని అడిగారు. ఆమె నా వైపు చూసింది. తర్వాత సాలమ్మ ఒళ్లో నీరసంగా పడుకున్న పిల్లవాణ్ణి చూసింది. "నాదే అయ్యా" అంది.

సంస్కారం నుంచి నిలిపే మాటలు చదవడం ఉపదేశి పని. నేనే చదివాను. స్పష్టంగా, గట్టిగా చదివానని తర్వాత ఎవరో మెచ్చుకున్నారు.

ఆమె నా వైపు చూసినప్పుడు లేచి చెప్పడానికి నాకు సమయం ఉంది. లేవలేదు. మొన్న క్రిస్మసుకు ఆమె గుమ్మంలో నిలబడి అబద్ధమాడనని అన్నప్పుడు దేవుడు నాకు ఇంకోసారి అవకాశం ఇచ్చాడు. అప్పుడూ పుస్తకంలో తల దూర్చుకున్నాను. పైగా ఆమె మొండి మనిషని నీకు రాశాను. చేతులారా పోగొట్టుకున్నది నేనే.

చెబితే ఉద్యోగం పోతుంది, ఇల్లు పోతుంది, నీ ఆశ పోతుంది. చెప్పకపోతే ఈస్టరుకు అయ్యగారు నా మీద ఒక్క మాట రాలేదని రాసి సంతకం పెడతారు. ఏం చేయమంటావో చెప్పు. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను.

జక్కయ్య


మేడ్చల్,
18 ఫిబ్రవరి 1945

జక్కయ్యా,

నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇది చదివి నువ్వూ పొయ్యిలో వెయ్.

ఎవరికీ చెప్పకు. ఆమె తనంతట తాను మోసింది, తనంతట తాను నాదంది. నువ్వు అడిగావా? ఇప్పుడు నువ్వు నోరు తెరిస్తే ఆమె ఇన్నాళ్లు ఓర్చుకున్నది కూడా వృథా అవుతుంది. ముందు చదువు పూర్తి చెయ్. పాస్టరువై వచ్చి నీ చేత్తోనే ఆమెను చేర్చుకో, కావాలంటే మొదటి రొట్టె ఆమెకే ఇవ్వు. అందాకా ఒక మంచి చీర కొని పంపు, మర్యాదగా చూసుకో. ఆదివారం ఎండ పడకుండా ఆ కిటికీ కింద తడిక కట్టించు.

నేను పిండి విసిరిన చేతులు ఇంకా చలికాలం వస్తే నొప్పి పుడతాయి. నిన్ను ఇంత దూరం తెచ్చింది ఇందుకు కాదు. ఇక ఈ మాట ఎత్తకు.

అక్క


శామీర్‌పేట,
4 మార్చి 1945

అక్కకు వందనాలు.

నీ మాట ప్రకారమే నడుచుకున్నాను. నిజం చెబుతున్నాను, నీ ఉత్తరం చదవగానే ప్రాణం కుదుటపడింది. ఆ రోజు కడుపు నిండా తిన్నాను. తినగలిగినందుకు సిగ్గుపడ్డాను, అయినా తిన్నాను.

తడిక కట్టించాను. దాన్ని ఆమె పక్కకు జరిపి ఎప్పటిలాగే కూర్చుంది. చీర సాలమ్మతో పంపాను. కృపమ్మ మడత కూడా విప్పకుండా, "గిదెందుకు బిడ్డా? నేను కూలి అడిగిన్నా? మీ ఆయనకు జెప్పు, గా పనికి కూలి లేదని" అని తిరిగి ఇచ్చేసింది. చీర మా ఇంట్లో దండెం మీద ఉంది. సాలమ్మ కట్టుకోదు, పెట్టెలో పెట్టదు.

ఇంకో సంగతి కూడా సాలమ్మతో అందట. "ఊర్లె ఒక్కల్లు సుత జూడలే. జాఫర్ బండొక్కటే ఎదురొచ్చింది" అని. నేను జాఫర్‌ను అడిగాను. ఎద్దుల మెడ నిమిరాడు. తర్వాత, "భాయ్, మీ పంచాయితీలు నాకు తెల్వయ్. మీ వాడకెల్లి ఒక ముసలామె బోనమెత్తుకొని పోతాందని మాటల్ల మాటగ మేడ్చల్ల ఒక్కరికే జెప్పిన. గింత లొల్లి అయితదని తెలిస్తే నోరు తెరవకపోదును. ఎవరికని నన్ను అడగకు. మీ అక్కను అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను అక్కా.

జక్కయ్య


మేడ్చల్,
14 మార్చి 1945

తమ్మీ,

నాకే చెప్పాడు. అయ్యగారికి చెప్పింది నేనే.

ఆ ఎండాకాలం ఇక్కడ మన సంఘం ఆడవాళ్లు ముగ్గురు పోచమ్మ దగ్గరికి పోయారు. బైబిలమ్మవై ఉండి ఏం చేస్తున్నావని అయ్యగారు అందరి ముందు నన్ను గద్దించారు. నేను రోషంతో ఉడికిపోతున్నాను. అప్పుడే జాఫర్ ఆ మాట అన్నాడు. మర్నాడే పోయి, "శామీర్‌పేటల సుత ఉన్నది అయ్యా, నా ఒక్కదాని తప్పేనా?" అన్నాను. నా తల మీద మాట ఇంకొకరి తల మీదకు నెట్టడానికి అన్నాను. అప్పుడది దేవుని పని అనుకున్నాను.

మన వాడలో జబ్బు వచ్చింది మీ ఇంట్లోనేనని నాకు అప్పటికే తెలుసు. ఒకసారి అనుమానం వచ్చింది కూడా. నా తమ్ముడు అలాంటివాడు కాదని నాకు నేనే చెప్పుకున్నాను. అది తెలుసుకోకుండా ఉండటమే నాకు హాయిగా ఉండింది. నువ్వు బౌరంపేట పోయినట్టే నేనూ పోయాను.

పోయిన ఉత్తరంలో నిన్ను నోరు మూసుకోమన్నది నీ కోసం కాదు. నువ్వు లేస్తే ఎవరు చెప్పారన్న మాట లేస్తుంది, నా పేరు బయటికి వస్తుంది. చేతుల నొప్పి కూడా రాశాను, నువ్వు కాదనలేవని తెలిసి. నన్ను క్షమించు. కృపమ్మ మోసింది ఒక పూట బోనం. మనం అక్కాతమ్ముళ్లం కలిసి ఆమె మీద ఏడాదిన్నర బరువు పెట్టాం.

నిన్న అయ్యగారి దగ్గరికి పోయి నా సంగతి చెప్పాను. నీ సంగతి చెప్పలేదు, అది చెప్పుకోవలసింది నువ్వు. ఆయన విని, "ఉన్నదే చెప్పావు కదమ్మా, ఇందులో నీ తప్పేముంది" అన్నారు. ప్రార్థన చేసి పంపించారు. నాకు ఏ శిక్షా లేదు. శిక్ష లేకుండా ఉండటం ఇంత కష్టమని నాకు తెలియదు.

ఏప్రిల్ ఒకటిన ఈస్టరు. నీకు మూడోసారి అవకాశం దొరుకుతోంది. నేను నిన్ను చెప్పమనను, మానమనను. ఇంతకుముందు చెప్పి చెడగొట్టాను.

అక్క


శామీర్‌పేట,
4 ఏప్రిల్ 1945

అక్కకు వందనాలు.

ఈస్టరు రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. నన్ను వీరుణ్ణి అనుకోవద్దు.

ఆరాధన మొదలు కాగానే లేచి చెప్పాలనుకుని పోయాను. మొదలైంది, లేవలేదు. పాట తర్వాత చెబుదామనుకున్నాను. పాట అయిపోయింది. అయ్యగారు ప్రసంగం చేశారు, ముగించారు. నా చదువు సంగతి సంఘానికి చెప్పారు, అందరూ సంతోషించారు. అప్పుడూ లేవలేదు. రొట్టె పళ్లెం నా చేతికి ఇచ్చారు. ముందు వరుస దగ్గరికి రాగానే నా కాళ్లు ఆగిపోయాయి. ధైర్యం వచ్చి కాదు, ఇంకో అడుగు వేయలేకపోయాను. పళ్లెం బల్ల మీద పెట్టి చెప్పాను. అయ్యగారు "ఏమిటి?" అని రెండుసార్లు అడిగారు. మూడోసారి వినబడింది. "ఆ బోనం మా ఇంటిది అయ్యా. కృపమ్మది కాదు."

ఆడవాళ్ల వైపు నుంచి సాలమ్మ లేచింది. "వండింది నేనే. ఆయినె వద్దనలే" అంది. అంతకంటే సరిగ్గా ఎవరు చెప్పగలరు?

కృపమ్మ బయట కిటికీ దగ్గర లేచి నిలబడింది. కళ్లలో నీళ్లు పెట్టుకుంటుందని, నన్ను దీవిస్తుందని ఏ మూలో ఆశ పడ్డాను. ఆమె మండిపడింది. "గిప్పుడెందుకు జెప్తివి జక్కయ్యా? చెప్పేటోనివి గా దినమే జెప్పకపోతివా? పోరనికి నీడ లేకుంట జేస్తివి గద. నేను గిన్ని దినాలు గీడ ఎందుకు కూసున్న మరి?" అంది.

అయ్యగారు స్వయంగా బయటికి వెళ్లి ఆమెను లోపలికి తీసుకొచ్చారు. సంఘం తరఫున క్షమాపణ అడిగారు. ఆ వయసు మనిషి అలా తల వంచడం నేనెప్పుడూ చూడలేదు. ప్రభు భోజనం తీసుకుంటావా అని అడిగితే, "మస్తు దినాలాయె అయ్యా, ఆకలైతాంది. పెట్టు" అంది. తీసుకుని నమిలింది. కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. నేను గోడ దగ్గర నిలబడి చూశాను. నాకు పెట్టలేదు, పెట్టకూడదు కూడా.

జక్కయ్యను క్షమిస్తావా అని ఆమెనే అడిగారు. "పోరడు బతికిండు, గది సాలు నాకు. గని వీని మీద కోపం పోలే. పోయిన దినం నేనే జెప్త" అంది.

ఉపదేశి పని తీసేశారు. ఏడాది పాటు సంస్కారం లేదు, బోధ చేయకూడదు. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. అయ్యగారు ఈ మాటలు చెబుతూ నా భుజం మీద చేయి వేశారు. సిఫారసు కాగితం మా ఎదుటే చింపలేదు, మడిచి జేబులో పెట్టుకున్నారు. అదే మేలు.

మనసు తేలికపడిందా అని అడుగుతావేమో. లేదు. ఇంతకుముందు ఒక్కడినే మోసేది ఇప్పుడు సాలమ్మ, పిల్లవాడు కూడా మోస్తున్నారు. వాడు బడి నుంచి వచ్చి, "నాయినా, నా పానం బాగలేకనే మనకు ఇల్లు పోయిందా?" అని అడిగాడు. కాదు బిడ్డా, నేను నిజం ఆలస్యంగా చెప్పినందుకు పోయిందని చెప్పాను. వాడికి ఎంత అర్థమయిందో తెలియదు.

జక్కయ్య


మేడ్చల్,
15 ఏప్రిల్ 1945

తమ్మీ,

నీ ఉత్తరం అందింది. నువ్వు చేసింది మంచిదని రాయడానికి నాకు ముఖం లేదు. అయినా రాస్తున్నాను, మంచిది.

మీరు ముగ్గురూ ఇక్కడికి వచ్చేయండి. నా గదికి ఆనుకుని ఒక వసారా ఉంది, తాటాకు కప్పిస్తే చాలు. స్టేషనులో హమాలీ పని దొరుకుతుంది, మరదలికి బంగళాలో పని అడుగుతాను. నిన్ను ఎరిగిన ఊళ్లో, నువ్వు బోధించిన వాళ్ల మధ్య తల వంచుకుని తిరగడం ఎందుకు? ఇక్కడ ఎవరికీ ఏమీ తెలియదు.

నేను కృపమ్మ దగ్గరికి రావాలి. రెండుసార్లు జాఫర్ బండి ఎక్కబోయి దిగిపోయాను. అయ్యగారు నా తప్పు లేదని ప్రార్థన చేశారు కానీ, ఆమె అలా అనదు. అందుకే రాలేకపోతున్నాను.

అక్క


శామీర్‌పేట,
20 మే 1945

అక్కకు వందనాలు.

నీ పిలుపుకు కళ్లు చెమర్చాయి. కానీ మేం రావడం లేదు. ఎవరికీ ఏమీ తెలియని చోటనే ఏడాదిన్నర ఉన్నాను నేను, ఈ ఊళ్లోనే. మళ్లీ అలాంటి చోటికి రాలేను.

సుక్కమ్మ, మన సంఘం కాదు, పోచమ్మకు చేసే సుక్కమ్మే, తన గొడ్ల కొట్టం పక్కన గుడిసె వేసుకోమంది. చెరువు కాలువ పూడిక తీస్తున్నారు, నాకు పని దొరికింది. మొదటి వారం అరచేతులు పుండ్లయ్యాయి. ఓదెలు అనే అతను పారతో తవ్వి పోస్తే, నేను తట్ట నింపి ఆడవాళ్ల తలకెత్తుతాను. ఆ ఆడవాళ్లలో కృపమ్మ ఉంది. రోజుకు వంద తట్టలు ఆమె తల మీద పెడుతున్నాను. ఆమె తల మీద బరువు పెట్టడం నాకు కొత్త కాదు కానీ, ఇప్పుడు ఎంత పెడుతున్నానో కళ్లతో చూస్తున్నాను. సగం నింపి ఇస్తే తట్ట కింద పడేసి, "నిండ నింపు. నీ దయ నాకొద్దు" అంటుంది. అంతకుమించి ఐదు వారాలు నాతో ఏమీ మాట్లాడలేదు.

నువ్వు రా. ఆదివారం కాదు, పని రోజున రా. ఆమె తిడుతుంది. నన్నూ తిట్టింది, చచ్చిపోలేదు నేను.

నిన్న మధ్యాహ్నం అందరం కాలువ గట్టు మీద అంబలి తాగుతున్నాం. కృపమ్మ వచ్చి నా ఎదురుగా కూర్చుంది. "వాక్యం పుస్తకం ఉన్నదా, గది సుత గుంజుకున్నరా?" అంది. సంచీలో ఉందన్నాను. "తియ్యి. సదువు" అంది. నాకు బోధ చేసే అనుమతి లేదని చెప్పాను. "బోధ ఎవలడిగిండ్రు? నువ్వు బోధ జెయ్యనక్కర లేదు. నాకు అచ్చరాలు రావు, నీకు వస్తయ్. సదువుమంటున్న" అంది.

కోపం పోయిందా అని అడగబోయాను. పోయిన రోజు తనే చెబుతానంది కదా, అడగలేదు. మట్టి చేతులు పంచెకు తుడుచుకుని పుస్తకం తీశాను. సుక్కమ్మ, ఓదెలు, ఇంకా నలుగురైదుగురు తలలు తిప్పి చూశారు. వాళ్లందరికీ నా సంగతి తెలుసు. పదకొండేళ్లు చదివినవాణ్ణి, ఆ మొదటి మాట పలకడానికి సిగ్గుతో చచ్చిపోయాను. తల వంచుకుని ఆమెకు మాత్రమే వినబడేలా మెల్లగా మొదలుపెట్టాను.

ఆమె చేయెత్తి ఆపింది.

"గట్టిగ సదువు జక్కయ్యా. నన్ను బయటికి తోలిన దినం మస్తు గట్టిగ సదివితివి గద."

గట్టిగా చదివాను.

నీ తమ్ముడు,
జక్కయ్య